ఇరవై ఆరు సెకన్లు

వాఙ్మయంలో ఇరుక్కుని తప్ప
మన నోట పలకని ఙ
ఈమె పేరులో మొదటి అడుగు వేస్తుంది:
ఙాహుయా.
న్యూజిలాండ్ ఉత్తరపు కొసన ఒక క్వారీ,
దాని ల్యాబులో ఇసుకని పరీక్షించేది ఈమె.

కిటికీ అవతల కొండ సగమే ఉంది.
మిగతా సగం రోడ్ల కింద, ఆస్పత్రి గోడల్లో,
ఎవరెవరి వంటగదుల కిందో.
గ్రేవాకీ అంటారు, బూడిదరంగు మొండి రాయి,
సుత్తితో కొడితే కంచులా పలుకుతుంది.
మొదట దవడ యంత్రం కొరుకుతుంది.
తర్వాత శంకువు నములుతుంది.
చివరిది కొరకదు, నమలదు,
గిరగిరా తిప్పి
రాయిని రాయి మీదికే విసురుతుంది.
లోపలి గోడ కూడా
అంతకు ముందు విసిరిన రాళ్ల పేరుడే.
రోలూ అదే, రోకలీ అదే, దంపుడు గింజా అదే.
రాతి నుంచి నార తీయడం అంటాం కదా,
నార సంగతేమో గాని
గంటకి నూట నలభై టన్నుల ఇసుక.

నడిపేది డెస్మండ్ ట్రెగర్తెన్.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
అరచెయ్యి రెయిలింగు మీద ఆనించి
బేరింగుకి జ్వరం చూస్తాడు.
పదకొండేళ్ల కిందట
సముద్రం అడుగున ఇసుక పీల్చే పడవ మీద ఉండేవాడు.
ఒడ్డున అట్టముక్కలు పట్టుకు నిలబడ్డ వాళ్లలో
ఙాహుయా మేనత్త పిరిహీరా ఒకతె:
పిపి గుల్లలు దొరకడం లేదని,
తీరం ఏటా ఒక మెట్టు కూలుతోందని.
అట్ట మీద ఏం రాసి ఉందో అతను చదవలేదు.
దూరం.
ఇప్పుడు టీ గదిలో ఇద్దరికీ ఒకటే బిస్కెట్ల డబ్బా.
ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

పరీక్ష చిన్నది.
ఒక గరాటు, అడుగున వేలు పట్టేంత కన్నం.
వేలు తీసి గడియారం నొక్కాలి.
యంత్రం ఇసుక: ఇరవై ఆరు సెకన్లు.
రేషను క్యూలో మోచేతుల్లా
మూలలు మూలలకి తగిలి
ఆగి, తోసుకుని, ఆగి.

సోమవారం ఆమె ఒక సీసా తెచ్చింది.
మేనత్త ఒడ్డు ఇసుక.
అడిగి తెచ్చింది, గింజ పోకుండా తిరిగిస్తానని.
ఎండబెట్టింది, జల్లించింది,
గరాటులో పోసి వేలు తీసింది.
ఇరవై.
నమ్మక మళ్లీ పోసింది.
ఇరవై.
అలలు ఎన్నాళ్లు రుద్దితే ఈ ఆరు సెకన్లో,
పుస్తకంలో రాయడానికి
ఒక గడి సరిపోయింది.

డెస్మండ్ తొంగి చూశాడు.
"ఇంకాస్త తిప్పి చూద్దాం" అని వేగం పెంచాడు.
ఇరవై నాలుగున్నర.
కానీ మూల అరిగిన ప్రతి రేణువూ పిండి రాల్చింది.
పిండిని కడగాలి, కడుగు నీళ్లకి చెరువు కావాలి,
అది పూడితే ఇంకో చెరువు.
మధ్యాహ్నానికి పాత వేగానికే వచ్చాడు.
వెళుతూ వెళుతూ సీసా వంక చూసి
"అదెక్కడిదో నాకు తెలుసు" అన్నాడు.
ఆమె మూత బిగించింది.

శుక్రవారం పిరిహీరా ఇంటి ముందు కాంక్రీటు లారీ.
మోకాళ్లు పోయాయి,
చక్రాల కుర్చీకి వాలుబాట కావాలి.
"ఇందులో ఇసుక ఎవరిది?"
"కొండది, అత్తా."
"ఏ కొండ? పేరు?"
కాగితాల్లో ఏడో బ్లాకు అని ఉంది.
ఙాహుయాకి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.
డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

తాపీ పట్టిన కుర్రాడు విసుక్కున్నాడు,
బరకగా ఉంది, చెప్పిన చోటికి జరగదు,
మణికట్టు లాగేస్తోంది అని.
"లాగనీ" అంది ముసలావిడ,
ఒళ్లో సీసా సర్దుకుంటూ.
"ఇంకోసారి రుద్దు."